మీకు తెలుసా? – పదకొండు సినిమాలకు ఒకే పెద్ద బహుమతి

కేన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గెలిచిన భారతీయ సినిమా ఇప్పటికీ ఒక్కటే. అది సత్యజిత్ రాయ్‌ది కాదు, మృణాల్ సేన్‌దీ కాదు. చేతన్ ఆనంద్ తీసిన మొదటి చిత్రం ‘నీచా నగర్’. 1946లో, మనకింకా స్వాతంత్ర్యం రాకముందే, కేన్స్ మొట్టమొదటిసారి జరిగినప్పుడే గెలిచింది. ఇంతవరకు క్విజ్ పోటీల్లో అడుగుతూనే ఉంటారు. ఎవరూ అడగని సంగతి ఇంకోటుంది. ఆ ఏడాది అదే బహుమతిని మరో 10 సినిమాలకు కూడా ఇచ్చారు.

పెళ్లిలో తాంబూలాలు పంచినట్టు పంచేశారేమిటి అనిపిస్తుంది. ఎందుకలా పంచారో తెలియాలంటే ఎనిమిదేళ్లు వెనక్కి, అదీ ఇటలీకి వెళ్లాలి.

*

1938లో సినిమా పండుగ అంటే వెనిస్‌దే. పెద్ద బహుమతి పేరు ‘ముస్సోలినీ కప్’. పేరులోనే ఉంది గదా అసలు విషయం! ఆ ఏడాది కప్పు బెర్లిన్ ఒలింపిక్స్ మీద లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన ‘ఒలింపియా’కి వెళ్లింది. అంటే హిట్లర్ ప్రభుత్వం వెనకుండి తీయించిన చిత్రానికి. దాంతో పాటే ‘లూచానో సెర్రా, పైలట్’ అనే ఇటలీ సినిమాకీ కప్పు దక్కింది. ఆ సినిమా పర్యవేక్షకుడు విట్టోరియో ముస్సోలినీ, సాక్షాత్తూ నియంతగారి కొడుకు.

అక్కడికి ఫ్రాన్స్ తరఫున వెళ్లిన ఫిలిప్ ఎర్లాంజే అనే అధికారికి ఒళ్లు మండింది. ఇంటికి తిరిగొస్తూ రైల్లోనే, ఎవరి పెత్తనమూ లేని ఉత్సవం మనమే ఎందుకు పెట్టకూడదని ఆలోచన చేశాడట. విద్య, లలితకళల మంత్రి జాఁ జే ఆ మాట పట్టుకున్నాడు. ఊరి కోసం వెతుకులాటలో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న బియారిట్జ్ పేరు గట్టిగానే వినిపించింది. చివరికి మధ్యధరా తీరంలోని కేన్స్ గెలిచింది. అధ్యక్షుడిగా ఎవరిని పిలిచారనుకున్నారు? సినిమాను పుట్టించిన అన్నదమ్ముల్లో ఒకడైన లూయీ లూమియేర్‌ని.

*

మొదటి ఉత్సవానికి పెట్టిన ముహూర్తం: 1939 సెప్టెంబరు 1.

ఆ తేదీ చరిత్ర పాఠంలో చదువుకున్నదే. ఆ తెల్లవారుజామునే జర్మనీ పోలెండ్ మీద పడింది. ఏర్పాట్లు మాత్రం ఘనంగా జరిగాయి. ఎంజీఎం సంస్థ తన తారలను ఏకంగా ఓడెక్కించి పంపింది. ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్’ ప్రచారం కోసం సముద్రపు ఒడ్డున ఇసుకలో అట్టలతో నోట్రడామ్ చర్చి నమూనా కట్టించారు. ఆగస్టు 31న ఆహూతుల కోసం ఆ సినిమా వేశారు. మర్నాటితో అంతా బంద్. 1939 కేన్స్‌లో తెరమీద పడిన సినిమా ఆ ఒక్కటే. సెప్టెంబరు 3న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.

దీనికో కొసమెరుపు. 2002లో కేన్స్ వాళ్లు ప్రత్యేకంగా ఒక జ్యూరీని కూర్చోబెట్టి, జరగని 1939 ఉత్సవానికి విజేతను ఎంపిక చేయించారు. సెసిల్ బి. డిమిల్ తీసిన రైలు సినిమా ‘యూనియన్ పసిఫిక్’ గెలిచింది. సినిమా వచ్చిన 63 ఏళ్లకు బహుమతి!

మంత్రి జాఁ జే మాత్రం తాను తలపెట్టిన పండుగను చూడలేదు. జర్మనీకి లొంగిపోయిన విషీ ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. 1944 జూన్ 20న ఆ ప్రభుత్వపు మిలీషియా మనుషులు జైలు నుంచి బయటికి తీసుకెళ్లి చంపేశారు. అప్పటికి ఆయనకు 40 కూడా నిండలేదు. 2015లో ఆయన అవశేషాలను పారిస్‌లోని పాంథియాన్‌కు, ఫ్రాన్స్ తన మహనీయులను ఉంచే చోటుకు, తీసుకొచ్చారు.

*

కొత్త సినిమా పండుగ ఆలోచన 1946లో కేన్స్ ఒక్కదానికే వచ్చిందనుకుంటే పొరపాటు. అదే ఏడాది ఆగస్టులో చెకోస్లోవేకియాలోని మారియాన్‌స్కే లాజ్నే ఊళ్లో ఒకటి మొదలైంది. ఇప్పుడు కార్లోవీ వారీ ఉత్సవం అని పిలిచేది దాన్నే. అదే నెల స్విట్జర్లాండ్‌లో లొకార్నో మొదలైంది. వెనిస్ కూడా మళ్లీ తలుపులు తెరిచింది. కేన్స్ సెప్టెంబరు 20న మొదలై అక్టోబరు 5న ముగిసింది. యుద్ధం ముగిసి ఏడాది తిరగ్గానే యూరప్‌లో ఇన్ని పండుగలు! అప్పటికి ఫ్రాన్స్‌లో రొట్టె కూడా రేషన్ మీదే ఇస్తున్నారు.

తిండికే కటకటగా ఉన్నప్పుడు ఈ సంబరం దేనికి అనేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. దానికి జవాబు అమెరికాతో కుదిరిన ఒప్పందంలో దొరుకుతుంది. 1946 మేలో ఫ్రాన్స్ తరఫున లియాన్ బ్లమ్, అమెరికా తరఫున జేమ్స్ బర్న్స్ సంతకాలు చేశారు. యుద్ధకాలపు అప్పులు మాఫీ, కొత్త అప్పు మంజూరు. బదులుగా ఫ్రెంచి మార్కెట్ తలుపులు హాలీవుడ్‌కు బార్లా తెరవాలి. థియేటర్లలో మూడు నెలలకు నాలుగు వారాలు మాత్రం ఫ్రెంచి సినిమాలకు కేటాయించుకోవచ్చు, మిగతా వారాలు ఎవరి సత్తా వాళ్లది. ఫ్రెంచి సినిమా వాళ్లకు అది మింగుడుపడలేదు. హాలీవుడ్‌ను గడప దాటనివ్వక తప్పనప్పుడు, అదే గడపలో ప్రపంచ సినిమానంతా పిలిచి తామే ఆతిథ్యం ఇవ్వడం తెలివైన పని. కేన్స్‌ను అందాల తారల జాతర అనుకునేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు.

*

ప్రారంభోత్సవంలో ఫ్రాన్స్ జాతీయ గీతం పాడింది ఫ్రెంచి గాయని కాదు. అమెరికన్ ఒపేరా తార గ్రేస్ మూర్. ఐదు నెలలు తిరక్కుండానే, 1947 జనవరిలో, కోపెన్‌హాగన్‌లో జరిగిన విమాన ప్రమాదంలో ఆమె చనిపోయింది.

ప్రదర్శనలకు సొంత భవనం ఇంకా లేదు. ఊరి మునిసిపల్ కేసినోలోనే తెర కట్టారు. ఇక ప్రొజెక్టర్ల దగ్గర కష్టాలు అన్నీ ఇన్నీ కావు. అన్నిటికన్నా పేరుపడ్డది హిచ్‌కాక్ ‘నటోరియస్’కి పట్టిన గతి. రీళ్లు తారుమారై, ముందు రావాల్సింది వెనక, వెనక రావాల్సింది ముందు పడింది.

ఇప్పటి పిల్లలకు ఇది అర్థం కావడం కష్టం. అప్పట్లో సినిమా అంటే డబ్బాల్లో వచ్చే రీళ్ల వరస. క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు. ఒకదాని మీద రీలు నడుస్తుండగా ఆపరేటర్ రెండోదానికి తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచుతాడు. తెరకు కుడివైపు పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. అది సైగ. రెండో ప్రొజెక్టర్ మోటారు తిప్పాలి. కొన్ని క్షణాలకు మరో చుక్క. ఇక్కడ మూసి అక్కడ తెరవాలి. అలవాటైన చెయ్యి ఉంటే రీలు మారినట్టు హాల్లో ఒక్కడికీ తెలియదు. కానీ ఎక్కించిన డబ్బాయే వేరేదైతే ఎంత అలవాటున్న చెయ్యి మాత్రం ఏం చేస్తుంది?

వేరే సినిమా అయితే ఏదోలా సర్దుకోవచ్చు. ‘నటోరియస్’ మొత్తం ఒక తాళంచెవి చుట్టూ తిరుగుతుంది. వైన్ సీసాల కొట్టు తాళంచెవిని ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ భర్తకు తెలియకుండా కాజేస్తుంది. కెమెరా మేడ మీది నుంచి అంతమంది అతిథుల మధ్యలోకి దిగి దిగి, ఆమె పిడికిట్లో ఉన్న ఆ చెవి దగ్గర ఆగుతుంది. ఆ సీసాల్లో ఏముందో ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతే ఇక ఆ పిడికిలి చూసి గుండె దడదడలాడేది ఎవరికి? ఆ ఏడాది ‘నటోరియస్’కి ఏ బహుమతీ రాలేదు. పాపం రీళ్లదో, జ్యూరీదో చెప్పలేం.

*

ఇంతకీ ఆ పదకొండు. ఉత్సవంలో సినిమాలు పెట్టింది సుమారు 20 దేశాలు. జ్యూరీలో 18 మంది, దేశానికొకరు. అధ్యక్షుడు ఫ్రెంచి చరిత్రకారుడు జార్జ్ విస్‌మాన్. సోవియట్ యూనియన్ నుంచి దర్శకుడు సెర్గేయ్ గెరాసిమోవ్, మెక్సికో నుంచి నాటక రచయిత రొడోల్ఫో ఉసీగ్లీ, ఈజిప్టు నుంచి నటుడు యూసఫ్ వహ్బీ, అమెరికా నుంచి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఫిల్మ్ లైబ్రరీని నెలకొల్పిన ఐరిస్ బ్యారీ. ఇలాంటి సభలో ‘ఈ ఒక్కటే గొప్ప సినిమా’ అని తేల్చడమంటే మిగతా దేశాలన్నిటి ముఖం మీద తలుపు వేయడమే. గెలిచిన జాబితా చూడండి, 11 సినిమాలు 11 దేశాలవి. ఒక్క దేశం పేరూ రెండుసార్లు రాదు. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను.

బ్రిటన్ నుంచి డేవిడ్ లీన్ ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’. ఇటలీ నుంచి రొసెల్లినీ ‘రోమ్, ఓపెన్ సిటీ’. అమెరికా నుంచి బిల్లీ వైల్డర్ ‘ది లాస్ట్ వీకెండ్’. ఫ్రాన్స్ నుంచి ఆంద్రే జీద్ రచన ఆధారంగా జాఁ దెలనోయ్ తీసిన ‘పాస్టోరల్ సింఫనీ’. మెక్సికో నుంచి ‘మరియా కాందెలారియా’. స్వీడన్ నుంచి ‘టార్మెంట్’. స్విట్జర్లాండ్ నుంచి ‘ది లాస్ట్ ఛాన్స్’. డెన్మార్క్ నుంచి ‘ది రెడ్ మెడోస్’. చెకోస్లోవేకియా నుంచి ‘మెన్ వితౌట్ వింగ్స్’. సోవియట్ యూనియన్ నుంచి స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం మీద ఎర్మ్లెర్ తీసిన ‘ది గ్రేట్ టర్నింగ్ పాయింట్’. పదకొండోది మనది.

వీటిలో కనీసం ఐదు యుద్ధం గురించో, ఆక్రమణ గురించో, ప్రాణాలు దక్కించుకుని సరిహద్దు దాటే శరణార్థుల గురించో తీసినవి. గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఇంకేం తీస్తారు?

విచిత్రమేమిటంటే ఫ్రెంచివాళ్ల సినిమాల్లో బాగా గుర్తుండిపోయింది పెద్ద బహుమతి పొందినది కాదు. జర్మన్ల రైళ్లను అడ్డుకున్న రైల్వే కార్మికుల మీద రెనే క్లెమాఁ తీసిన ‘రైలు పోరు’. అందులో వేషాలు వేసినవాళ్లలో నిజమైన రైల్వే కార్మికులు చాలామంది. ఉత్తమ దర్శకుడి బహుమతి, జ్యూరీ బహుమతి రెండూ దానికే ఇచ్చి, పెద్దది మాత్రం వేరేదానికి కట్టబెట్టారు.

ఉత్త చేతులతో వెళ్లినవాళ్ల జాబితా కూడా తక్కువదేం కాదు. రీటా హేవర్త్ ‘గిల్డా’, కాక్టో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ రెండూ పోటీలో ఉన్నాయి. కాక్టో సినిమాకు ఏమీ ఇవ్వకపోవడం ఈ రోజుకీ నాకు మింగుడుపడదు. 11 మందికి పంచిన చేతికి పన్నెండోది బరువైందా?

*

చిన్న చిన్నవి కొన్ని.

‘టార్మెంట్’కి కథ, మాటలు రాసిన కుర్రాడి పేరు ఇంగ్మార్ బెర్గ్‌మన్. దర్శకుడు ఆల్ఫ్ షోబెర్గ్ 1951లో ‘మిస్ జూలీ’తో మళ్లీ గెలిచాడు. కేన్స్‌లో పెద్ద బహుమతిని రెండుసార్లు అందుకున్నవాళ్లలో మొదటివాడు ఆయనే.

తాగుడుకు బానిసైన రచయిత కథ ‘ది లాస్ట్ వీకెండ్’ అదే ఏడాది ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా గెలుచుకుంది. రెండూ దక్కిన సినిమాలు ఆ తర్వాత ‘మార్టీ’, ‘పారసైట్’, ‘అనోరా’ మాత్రమే.

ఉత్తమ నటుడు ‘ది లాస్ట్ వీకెండ్’ తాగుబోతు రే మిలండ్. ఉత్తమ నటి ‘పాస్టోరల్ సింఫనీ’లో అంధురాలి పాత్ర వేసిన మిషెల్ మోర్గాన్.

గెలిచినవాళ్లకు బంగారు కమ్మ ఇచ్చారని రాస్తుంటారు. అప్పటికి ఆ కమ్మే పుట్టలేదు. బంగారు తాటికమ్మ, ‘పామ్ డోర్’, 1955లో వచ్చింది. అంతకుముందు పెద్ద బహుమతి పేరు ‘గ్రాండ్ ప్రీ’. గెలిచినవాళ్లకు ఒక యోగ్యతాపత్రం, సమకాలీన చిత్రకారుడో శిల్పో చేసిన కళాఖండం ఇచ్చేవారు.

*

ఇప్పుడు ‘నీచా నగర్’ దగ్గరికి.

కొండ మీద సర్కార్ అనే ధనవంతుడు. కింద పల్లంలో పేదల వాడ. తనకు కావలసిన స్థలంలో ఇళ్లు కట్టి అమ్ముకోవాలని సర్కార్ మురుగు కాలువను వాడ మీదికి మళ్లిస్తాడు. ఇళ్ల మధ్యలోంచి మురుగు పారుతుంది, రోగాలు పుట్టుకొస్తాయి. అప్పుడు అదే పెద్దమనిషి దయ చూపిస్తున్నట్టు ఆసుపత్రి తెరుస్తాడు. రోగం ఇచ్చిన చేత్తోనే మందూ ఇస్తానంటాడన్నమాట. వాడలో పట్టుదల గలవాళ్లు ఆ గడప తొక్కమంటారు. నాయకుడు బల్‌రాజ్ చెల్లెలు రూప జబ్బుతో మంచం పట్టి కూడా ఆ ఆసుపత్రికి వెళ్లనని మొండికేసి, చివరికి ప్రాణం వదులుతుంది. సర్కార్ అనే పేరు ఊరికే పెట్టింది కాదని, ఆ కొండమీదివాడు ఎవరో 1946 ప్రేక్షకుడికి విప్పి చెప్పనక్కర్లేదు.

కథ హయాతుల్లా అన్సారీది. మక్సిం గోర్కీ నాటకం ‘ది లోయర్ డెప్త్స్’ దానికి ప్రేరణ. రచనలో చెయ్యి వేసింది ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. సంగీతం 26 ఏళ్ల రవిశంకర్. సినిమాలకు ఆయన పనిచేయడం మొదలైంది ఆ ఏడాదే. రూపగా వేసిన అమ్మాయి అసలు పేరు ఉమా కశ్యప్. చేతన్ ఆనంద్ భార్య పేరు కూడా ఉమ, పైగా ఆమె కూడా అదే సినిమాలో నటిస్తోంది. ఒకే సెట్లో ఇద్దరు ఉమలు ఎందుకని కొత్తమ్మాయి పేరు మార్చారు. అలా పుట్టిన పేరే కామినీ కౌశల్. జోహ్రా సెహగల్ కూడా ఇందులో ఉంది. చేతన్, అబ్బాస్, రవిశంకర్, జోహ్రా అందరూ ఇప్టా అనే ప్రజా నాటక సంస్థతో సంబంధం ఉన్నవాళ్లే. మన ప్రజానాట్యమండలి ఆ ఇప్టాకు తెలుగు శాఖ. 

1946 సెప్టెంబరు 2న నెహ్రూ నాయకత్వంలో తాత్కాలిక ప్రభుత్వం ఢిల్లీలో ప్రమాణం చేసింది. సరిగ్గా 18 రోజులకు కేన్స్‌లో తెర లేచింది. అధికారం ఇంకా వైస్రాయ్ చేతిలోనే ఉంది. అయినా బహుమతుల పట్టికలో బ్రిటన్ వేరు, ఇండియా వేరు. పాలించే దేశం నుంచి వచ్చిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’లో పెళ్లయిన ఇల్లాలు, పెళ్లయిన డాక్టరు రైల్వే స్టేషన్ టీ కొట్లో కూర్చుని మనసులోని మాట గొంతు దాటనివ్వరు. పాలితుల దేశం నుంచి వచ్చిన సినిమాలో మురుగు ఇళ్లలోకి పారుతుంది, జనం కాగడాలు పడతారు. రెండిటికీ ఒకే బహుమతి, ఒకే స్థాయి. ఒక్కటే బహుమతి పెట్టి ఉంటే డేవిడ్ లీన్‌ని, రొసెల్లినీని, వైల్డర్‌ని దాటి ఒక కొత్త దర్శకుడి హిందీ సినిమాకు అది వచ్చేదా? నాకైతే అనుమానమే. పంచి ఇచ్చారని తీసిపారేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆ పంపకం వల్లే, తన జెండా తనకు లేని దేశం ఆ వరసలో నిలబడగలిగింది.

*

కేన్స్‌లో గెలిచిన సినిమాకు ఇంట్లో ఏం జరిగింది? హిందీ సినిమాకు అలవాటైన హంగులేవీ లేని బొమ్మ. కొనడానికి డిస్ట్రిబ్యూటర్లు ముందుకు రాలేదు. దేశమంతటా సరైన విడుదలకు నోచుకోలేదు. బహుమతి మాట తెలిసినవాళ్లలో సినిమా చూసినవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలాకాలం ప్రింటు జాడే లేదు. ‘పథేర్ పాంచాలీ’ ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రాకు కలకత్తాలో ఓ పాత సామాన్ల కొట్లో దొరికిందని, అది పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరిందని సినిమా వాళ్లు చెప్పుకుంటారు.

ఇంకో తికమక. 2024లో పాయల్ కపాడియా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ కేన్స్‌లో గ్రాండ్ ప్రీ గెలిచినప్పుడు, ‘నీచా నగర్’ తర్వాత మళ్లీ అదే బహుమతి అని కొందరు రాసేశారు. పేరు ఒకటే, మెట్టు వేరు. 1946లో గ్రాండ్ ప్రీ అంటే మొదటిది. ఇప్పుడు మొదటిది పామ్ డోర్, గ్రాండ్ ప్రీ రెండోది.

*

కేన్స్ ఆ వెంటనే ఏటా జరిగే పండుగ అయిపోలేదు. 1948లోనూ 1950లోనూ డబ్బుల్లేక మానేశారు. వెనిస్‌తో తేదీల పోరు తప్పించుకోవడానికి 1951 నుంచి వసంతానికి మార్చారు.

మరుసటి ఏడాది, 1952 జనవరి 24న, ఇండియా తన సొంత అంతర్జాతీయ ఉత్సవాన్ని బొంబాయిలో మొదలుపెట్టింది. మద్రాసు, ఢిల్లీ, కలకత్తా కూడా తిరిగింది. హాలీవుడ్ నుంచి ఫ్రాంక్ కాప్రా వచ్చాడు. కేన్స్‌ పదకొండిట్లో ఒకటైన ‘ఓపెన్ సిటీ’ మన ప్రేక్షకుల ముందుకు వచ్చింది, దాంతో పాటు ‘బైసికిల్ థీవ్స్’. ఆ ఉత్సవానికి దక్షిణాది నుంచి వెళ్లిన ఏకైక సినిమా ఏదో చెప్పుకోండి. కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’. అలా ఇటలీ నుంచి పాత సైకిలు పోగొట్టుకున్నవాడు, విజయా వారి నుంచి తోటరాముడు, నేపాళ మాంత్రికుడు ఒకే పండుగలో కనిపించారు. పోటీ మాత్రం లేదు. బొంబాయి వాళ్లు ఆ తలనొప్పి పెట్టుకోకుండా, ఎవరికీ ఏ బహుమతీ ఇవ్వలేదు.